పిల్లలకు వెన్నులో నీరు తీసే ముందు జాగ్రత్తలు

మెదడులో కణితి లేకుండానే తలలో ప్రెషర్ పెరిగిందని అనుమానం వస్తే, నడుము దగ్గర వెన్నులోకి సూది పెట్టి, మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీటి ప్రెషర్ కొలిచి, కొంత నీరు తీస్తారు. అంతకుముందు ఇవి చూసుకోండి.

• ఎమ్మారై అయిందా? కణితి లేదని, మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టలేదని చూశాకే సూది.

• వాడిన మందులన్నీ చెప్పండి. మొటిమల మందును చాలామంది లెక్కలోకే తీసుకోరు, కానీ డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్, ఐసోట్రెటినాయిన్ ఈ ప్రెషర్ పెంచగలవు. విటమిన్ ఎ ఎక్కువ డోసు, గ్రోత్ హార్మోన్ కూడా అంతే. స్టెరాయిడ్ ఆపేసినా పెరగొచ్చు, దాన్ని సొంతంగా మానిపించకండి.

• రక్తం పలచబడే మందులు, రక్తం త్వరగా ఆగని సమస్య, నడుముపై పుండ్లు ఉంటే ముందే చెప్పాలి.

• మత్తు ఇస్తే ఎన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉంచాలో అడగండి.

• బిడ్డకు ఏం జరుగుతుందో నిజం చెప్పండి. భయంతో ఏడ్చినా, బిగుసుకున్నా రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. పిల్లల్లో సాధారణంగా 25 సెంటీమీటర్ల నీటి పీడనం, మత్తులో ఉన్నా ఊబకాయం ఉన్నా 28 దాటితే ఎక్కువ అంటారు.

• కంటి డాక్టరు చూశారా? ఈ జబ్బులో పెద్ద భయం చూపు గురించే. చూపు మసకబారినా, బిడ్డ మగతగా ఉన్నా పరీక్ష తేదీ దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.