సరిహద్దు నుంచి ఇంటికొచ్చిన జవాను నిద్రలో ఉలిక్కిపడుతుంటే

అరుస్తుంటే భుజం పట్టి ఊపకండి, శత్రువనుకొని చెయ్యి విసరొచ్చు. లైటేసి, కాళ్ల దిక్కు నాలుగడుగుల దూరంలో నిలబడి, ఇంట్లో పిలిచే పిలుపుతోనే పిలవండి: "ఇది నల్లగొండ, మనిల్లు." పూర్తిగా తెలివికొచ్చాకే నీళ్లివ్వండి.

బరాత్‌లో పటాకులుంటే ఆయనకు ముందే చెప్పండి. "ఎంతమందిని చంపినవ్?" అనే చుట్టాలను గడప దగ్గరే ఆపాలి.

నిద్రకోసం కల్లు పెద్ద మోసం. పాలమూరు దిక్కు కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజెపామ్ అనే మత్తు మందులు దొరికిన కేసులు బోలెడు. అలవాటయ్యాక ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు చూస్తుండగానే మాన్పించాలి.

నెల దాటినా తగ్గకపోతే సైకియాట్రిస్టుకు చూపించండి. ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డుంటే పాలిక్లినిక్ రెఫరల్ అడగండి. డాక్టరు రాసే సెర్ట్రాలిన్ లాంటి మానసిక ఆందోళన తగ్గించే మందులు పనిచేయడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. చాలామంది రెండో వారానికే ఆపేస్తారు.

చావు మాట వస్తే పత్తి చేను పురుగుల మందు, లైసెన్స్ తుపాకీ వేరేచోటికి తరలించి, 14416కు ఫోన్ చేయండి. అది టెలీమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉచితం.