ల్యాబ్ ఇన్‌స్టలేషన్‌కి ముందు ఫైలు తోక చూడండి

దసరా సెలవులిచ్చారంటే విజయనగరం కాలేజీల్లో ల్యాబ్ పని చేసే మాకు సెలవులు లేనట్టే. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం జరిగే మంగళవారం వచ్చేలోగా విండోస్ మెషీన్లూ ఉబుంటు మెషీన్లూ రెడీ అవ్వాలి, ఆ రోజు ఊళ్లో బండి కదలదు. ఆ హడావిడిలో ఇన్‌స్టలేషన్ స్క్రిప్టులు (వరసగా కమాండ్లు రాసిన ఫైళ్లు) ఉన్న ఒకే పెన్‌డ్రైవ్ అన్నిటికీ గుచ్చేస్తాం. చిక్కంతా అక్కడే.

విండోస్‌లో ముందు ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలోకి వెళ్లి, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌కి టిక్ పెట్టండి. లేకపోతే తోక, అంటే ఫైలు పేరు చివర డాట్ తర్వాత వచ్చే ముక్క, కనిపించదు. నోట్‌ప్యాడ్‌లో రాసిన డాట్ బ్యాట్ ఫైలు (విండోస్ కమాండ్ల స్క్రిప్టు) వెనక ఇంకో డాట్ టీఎక్స్‌టీ చేరిపోతుంది, ఎన్నిసార్లు నొక్కినా నోట్‌ప్యాడే తెరుచుకుంటుంది. అది ఉత్త చికాకు. కానీ 2000 మే నెలలో ఐ లవ్ యూ వైరస్ జనాన్ని బోల్తా కొట్టించింది కూడా ఇలాగే: పైకి టీఎక్స్‌టీ, దాని వెనక వీబీఎస్, అంటే నొక్కితే నడిచే స్క్రిప్టు.

పవర్‌షెల్ (విండోస్‌లో ఇంకో రకం స్క్రిప్టు) ఫైలు నడవనంటే, స్క్రిప్టుల్ని ఆపే పాలసీని మెషీన్ మొత్తానికి ఎత్తేయకండి. ఆ ఒక్క విండో వరకు ప్రాసెస్ స్కోప్‌లో అనుమతి ఇస్తే చాలు.

లినక్స్ (ఉబుంటు అందులో ఒక రకం) ఫైలుని నడిపేటప్పుడు తోక చూడదు, పర్మిషనూ, ఏ ప్రోగ్రాంతో నడపాలో చెప్పే మొదటి లైనూ చూస్తుంది. కిందటేడు ఒక డాట్ ఎస్‌హెచ్ ఫైలుని (లినక్స్ స్క్రిప్టు) విండోస్‌లో కాస్త దిద్ది ఉబుంటులో నడిపాను. 'నో సచ్ ఫైల్' అంది. పక్కనున్న కుర్రాడు "ఫైలు ఇక్కడే ఉంది కదన్నా, లేదంతాదేటి?" అన్నాడు. గంటన్నర పోయాక ఎర్రర్‌లో బ్యాష్ (లినక్స్‌లో స్క్రిప్టులు నడిపే ప్రోగ్రాం) పక్కన చిన్న టోపీ గుర్తు, ఎమ్ అక్షరం కనిపించాయి. విండోస్ పద్ధతిలో ప్రతి లైను చివరా ఒక క్యారెక్టర్ ఎక్కువ ఉంటుంది. దాన్ని తీసేసే డాస్‌టుయూనిక్స్ కమాండ్ కొడితే క్షణంలో పోయింది.

ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్ మీద ఎగ్జిక్యూట్ పర్మిషన్ (ఫైలుని నడిపే అనుమతి) నిలవదు. ఫైలుని హోమ్ ఫోల్డర్‌లోకి తెచ్చుకుని ఆ పర్మిషన్ ఇచ్చే సీహెచ్‌మోడ్ కమాండ్ కొట్టండి. బ్యాష్ కోసం రాసిన దాన్ని ఎస్‌హెచ్ కమాండ్‌తో నడపకండి, ఉబుంటులో 2006 నుంచి అది డ్యాష్ అనే వేరే ప్రోగ్రాం.

మ్యాక్ మా ల్యాబుల్లో లేదు, దాని జోలికి పోను.

సుడో (పూర్తి అధికారంతో నడిపే కమాండ్) కొట్టేముందు స్క్రిప్టు తెరిచి చదవండి, ఫైళ్లు చెరిపేసే ఆర్ఎమ్ ఉన్న లైను దగ్గర మరీ. ఒక్క మెషీన్‌లో నడిపి, రీస్టార్ట్ చేసి చూశాకే పెన్‌డ్రైవ్ రెండోదానికి పెట్టండి.