ఊపినా మెరవని ఆల్గే: ఎక్కడ తేడా కొట్టింది?

గాజు బుడ్డీల్లో పోసి చీకట్లో నీలం వెలుగు చూపించడానికి చాలామంది పెంచేది పైరోసిస్టిస్ ఫ్యూజిఫార్మిస్ అనే ఏకకణ సముద్రపు ఆల్గే (నాచు). ఒక్కో కణం దాదాపు మిల్లీమీటరు పొడవు. సీసాను లైటుకు ఎదురుగా పట్టుకుంటే సన్నటి నూకల్లా కంటికే కనిపిస్తాయి.

ఊపితే అసలు వెలగట్లేదు
ముందు టైమ్ చూడండి. వీటి లోపల ఒక గడియారం ఉంటుంది, పగటి వేళ ఎంత ఊపినా లాభం లేదు. నేను మొదట్లో ఇది తెలియక మిట్టమధ్యాహ్నం దుప్పటి ముసుగేసుకుని సీసా ఊపుతూ కూర్చున్నాను. ఇంట్లోవాళ్లకు నా మీద అనుమానమొచ్చింది. రోజూ 12 గంటలు లైటు, 12 గంటలు చీకటి ఇవ్వండి. చీకటి పడ్డాక గంటా రెండు గంటలు ఆగి చూడండి. ప్రదర్శన పగలైతే టైమర్ తిప్పేసి రాత్రి లైటు, పగలు చీకటి పెట్టాలి. ఆ మార్పుకు అలవాటు పడేందుకు వారం ముందే మొదలుపెట్టండి.

మొదట ధగధగ, కాసేపటికి మసక
ఎక్కువ ఊపేశారు. వెలుగిచ్చే లూసిఫెరిన్ అనే పదార్థం అయిపోయింది. మర్నాటి రాత్రి దాకా కదపకండి. చూడ్డానికి వచ్చినవాళ్లను సీసా మెల్లగా ఒక్కసారి వంచమనండి, చాలు. అక్వేరియం గాలి మోటారు మాత్రం పెట్టొద్దు.

రంగు పోయి అడుగున ముద్ద కడుతున్నాయి
మన దగ్గర చాలాసార్లు దీనికి కారణం వేడే. 20–24 డిగ్రీలు వీటికి హాయి, మే నెల గది వేడికి చచ్చిపోతాయి. ఏసీ లేకపోతే థర్మోకోల్ పెట్టెలో సీసా పక్కన ఐస్ బాటిల్ పెట్టి మారుస్తుండండి. సీసాకు ఐస్ తగలకూడదు. కిటికీ ఎండ కూడా వద్దు, ట్యూబ్‌లైట్ వెలుగు చాలు. ముద్దను కదపకుండా, పైన ఇంకా తేలుతున్నవాటిని కొత్త మీడియంలోకి (పోషకాలు కలిపిన ఉప్పునీళ్లలోకి) వంచుకోండి.

మెరుస్తున్నాయి, కానీ పెరగట్లేదు
ఒక కణం రెండు కావడానికి వారం దాకా పట్టొచ్చు, ఓపిక పట్టండి. నెల దాటినా అంతే ఉంటే నీళ్లు చూడండి. కుళాయి నీళ్ల క్లోరిన్, వంట ఉప్పు రెండూ పనికిరావు. డిస్టిల్డ్ వాటర్ లీటరుకు సుమారు 35 గ్రాముల అక్వేరియం సముద్రపు ఉప్పు, సిలికేట్ లేని ఎఫ్/2 (ఆల్గే పెంపకానికి వాడే పోషకాల మిశ్రమం) కలపాలి. నీళ్లు ఆవిరై తగ్గితే ఉప్పునీళ్లు పోయకండి, ఉప్పు పైకి పోదు కదా! ఉత్త డిస్టిల్డ్ వాటరే పోయాలి.

ప్రదర్శనకు ఎప్పుడూ సగమే తీసుకెళ్లండి. మిగతా సగం ఇంట్లో, కదపకుండా.