పిల్లలకు ఇంట్లోనే క్విజ్: ప్రశ్నలు ఎలా తయారు చేయాలి, ఎలా నడపాలి?

ఏపీ, టీఎస్, టీజీ. హైదరాబాద్ రోడ్ల మీద ఈ మూడు రకాల నంబరు ప్లేట్లూ కనిపిస్తాయి. మన నగరంలోనే రిజిస్టరైన బండ్లలో అన్నిటికంటే పాతది ఏది, కొత్తది ఏది? ఎనిమిదేళ్ల పిల్లవాడిని అడిగి చూడండి. ఇది స్కూలు బస్సు కిటికీలోంచి రోజూ కనబడేదే. కాసేపు ఆలోచిస్తాడు, అక్క మొహం చూస్తాడు, చివరికి ఏదో ఒకటి అంటాడు. తెలంగాణ 2014 జూన్ 2న ఏర్పడిందనీ, అంతకుముందు ఏపీ అని రాసేవారనీ, 2024 మార్చిలో టీఎస్‌ను టీజీగా మార్చారనీ చెప్పడానికి మీకు అప్పుడు దారి దొరుకుతుంది. ఇదే సంగతి పాఠంలా మొదలుపెడితే మూడో వాక్యానికే లేచి వెళ్లిపోతాడు.

"మరి ఏపీ బండి విజయవాడలో నిన్ననే కొన్నది కూడా కావచ్చు కదా?" అని ఏ తెలివైన పిల్లో అడిగితే ఆ పిల్లకు అదనంగా ఒక పాయింటు వేయండి.

క్విజ్ అంటే చాలామంది తల్లిదండ్రులకు పరీక్షకు ఇంకో పేరు. రాజధానులు, కరెన్సీలు, ఎవరు ఏది కనిపెట్టారు అనే బట్టీ జాబితా. అలాంటి క్విజ్ వల్ల వచ్చేది ఆవలింతలే. సరిగ్గా నడిపితే మాత్రం క్విజ్ చదువుకు గట్టిగా పనికొస్తుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల చేత చిన్న పాఠాలు చదివించారు. కొందరి చేత అదే పాఠాన్ని మళ్లీ చదివించారు. మిగిలినవారిని పాఠం మూసేసి, గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాల తరువాత చూస్తే రెండుసార్లు చదివినవారే ముందున్నారు. వారం తరువాత చూస్తే, గుర్తుచేసుకుని రాసినవారు వారిని దాటిపోయారు. చదివింది నిలబడాలంటే ఎవరో ఒకరు దాన్ని మన చేత బయటికి లాగించాలన్నమాట.

ముందుగా జట్లు

ఒక్కొక్కరినీ విడిగా నిలబెట్టి అడగకండి. మాట రాక తల దించుకునే పిల్లలు మళ్లీ క్విజ్ అంటే దగ్గరికి రారు. ముగ్గురేసి జట్లు కట్టండి. ప్రతి జట్టులో ఒక పెద్ద, ఒక చిన్న ఉండేలా చీటీలు వేయండి. జవాబు చెప్పే హక్కు జట్టులో అందరికంటే చిన్నవారిదే అని నియమం పెట్టండి. పెద్దవాళ్లు గుసగుసలాడుతూ వివరించి చెప్పక తప్పదు. ఏడో తరగతి పిల్లకు రెండో తరగతి తమ్ముడికి అర్థమయ్యేలా చెప్పవలసి రావడం కూడా ఒక చదువే. మొత్తం అరగంట, పదిహేను ప్రశ్నలు చాలు.

ప్రశ్నలు రాయడం: అసలు పని ఇక్కడే

"చార్మినార్ ఎప్పుడు కట్టారు?" 1591. ఈ సంవత్సరం తెలిసినవాడు చెబుతాడు, తెలియనివాడు నోరు మూసుకుంటాడు. ఆలోచనకు చోటు లేదు. దీన్నే కొంచెం తిప్పండి: "చార్మినార్‌కు నాలుగు వైపులా గడియారాలున్నాయి. కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా వాటిలో టైము చూశాడా?" ఇప్పుడు అందరూ మాట్లాడతారు. అప్పట్లో గడియారాలు ఉండేవా, ఉంటే బ్యాటరీ ఎక్కడిది అని వాదించుకుంటారు. గడియారాలు పెట్టింది 1889లో అని మీరు చెప్పగానే, 1889లోంచి 1591 తీసేసి 298 ఏళ్లు అని లెక్క కట్టే పిల్ల ఒకరు ఉండనే ఉంటారు. ఇక 1591 ఎవరూ మరచిపోరు.

మెట్రో ఎక్కే పిల్లలయితే: "ఎల్బీ నగర్‌లో ఎక్కి రాయదుర్గంలో దిగాలి. రైలు ఎక్కడ మారాలి?" అమీర్‌పేటలో. ఎరుపు లైను, నీలం లైను అక్కడే కలుస్తాయి. కాగితం మీద గీతలు గీసి ఆలోచించుకోనివ్వండి.

విడతలుగా సూచనలిచ్చే ప్రశ్న ఒక్కటైనా పెట్టండి. ఒకే మనిషి పేరు మీద ఒక జలాశయం ఉంది. అప్పుడే చెప్పేస్తే నాలుగు పాయింట్లు. ఆస్పత్రి కూడా ఉంది: మూడు. యూనివర్సిటీ ఉంది: రెండు. ఇరానీ చాయ్‌లో ముంచుకు తినే బిస్కెట్టు ఉంది: ఒకటి. బిస్కెట్టు దగ్గర గది మొత్తం "ఉస్మానియా!" అని అరుస్తుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పూర్తి పేరు ఆ తరువాత చెప్పుకోవచ్చు.

ప్రశ్నల్లో సగానికి పైగా పిల్లలు చెప్పగలిగేవిగా ఉండాలి. మరీ కష్టమైనవి మూడు దాటకూడదు. జవాబులు రాసుకునేటప్పుడు ఫోనుకు వచ్చిన సందేశాలను నమ్మకండి. చంద్రుడి మీద నుంచి చైనా గోడ కనిపిస్తుందనీ, ఉష్ట్రపక్షి భయమేస్తే ఇసుకలో తల దాచుకుంటుందనీ ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. రెండూ అబద్ధాలే. అయితే "నిజమా, అబద్ధమా?" రౌండుకు ఇంతకంటే మంచి సరుకు దొరకదు.

పోపుల పెట్టె రౌండు

అన్నిటికంటే బాగా నడిచే రౌండు ఇది. ఖర్చు లేదు. కళ్లకు గంతలు కట్టి జీలకర్ర, వాము, సోంపు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టండి. అరచేతిలో వేసి నలిపితే వాసన బయటపడుతుంది. వాము ఘాటుకు తుమ్ము వస్తుంది, సోంపును మాత్రం హోటల్లో బిల్లుతో పాటు ఇచ్చేదని చటుక్కున పట్టేస్తారు. జీలకర్ర దగ్గరే తికమక.

తరువాత గంతలు విప్పి దాల్చిన చెక్క, లవంగం, పసుపు కొమ్ము పళ్లెంలో పెట్టండి. వీటిలో చెట్టు బెరడు ఏది, పువ్వు కాబోయే మొగ్గ ఏది, నేల లోపల పెరిగేది ఏది? లవంగాన్ని దగ్గరగా చూడమనండి. కాడ మీద నాలుగు రెక్కలు, మధ్యలో గుండ్రటి బొడిపె. అది విచ్చుకోని మొగ్గ. కోయకుండా వదిలేస్తే పువ్వయ్యేది. ఇది చూశాక పిల్లలు బిర్యానీలో లవంగాన్ని ఏరి పక్కన పెట్టే ముందు ఒకసారి తిప్పి చూస్తారు.

చివరగా ఒక చేతిలో మిరియాలు, ఇంకో చేతిలో ఎండుమిరపకాయ పట్టుకుని, "కాకతీయుల వంటింట్లో ఈ రెండింటిలో ఏది లేదు?" అనండి. మిరపకాయ లేదు. అది అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు వారి ఓడల్లో మన దేశానికి వచ్చింది. అంతకుముందు కారం కోసం మిరియాలు వాడేవారు. ఆవకాయ తినే పిల్లలు ఈ మాట ఒక పట్టాన నమ్మరు, అదే కావాలి.

పొడుపు కథల రౌండు అమ్మమ్మకో తాతయ్యకో అప్పగించండి. "అమ్మ అంటే కలుస్తాయి, నాన్న అంటే కలవవు." ఏమిటవి? పిల్లలు రెండు మాటలూ పైకి అని చూసుకుంటే జవాబు వారి నోటి దగ్గరే ఉంటుంది: పెదవులు. క్విజ్ అనే పేరు రాకముందు మన ఇళ్లలో జరిగింది ఇదే.

నడిపేటప్పుడు

ప్రశ్న రెండుసార్లు చదవండి. తరువాత మనసులో పది లెక్కపెట్టేదాకా మాట్లాడకండి. పెద్దవాళ్లకు కష్టమైనది ఇదే; నిశ్శబ్దం తట్టుకోలేక సగం జవాబు మనమే చెప్పేస్తాం. బజర్ వద్దు. అది వేలి వేగానికే బహుమతి ఇస్తుంది, నిదానంగా ఆలోచించే పిల్ల ఎప్పుడూ ఓడిపోతుంది. అన్ని జట్లనూ పలక మీద రాసి ఒకేసారి ఎత్తి చూపమనండి.

తప్పు చెబితే మార్కులు కోయకండి. "అలా ఎందుకు అనుకున్నావు?" అని మామూలు గొంతుతో అడగండి. ఎంతో ధీమాగా చెప్పిన జవాబు తప్పని తేలితే, సరైన జవాబు మరీ బాగా గుర్తుండిపోతుందని పరిశోధకులు గమనించారు. కాబట్టి ఒట్టి ఊహ అయినా సరే, ధైర్యంగా చెప్పినవారిని మెచ్చుకోండి. పక్కింటి పిల్లతో పోలిక మాత్రం పొరపాటున కూడా తేవద్దు.

జవాబు వచ్చాక వెంటనే తరువాతి ప్రశ్నకు పరుగెత్తకండి. ఉదాహరణకు: "1908లో మూసీకి పెద్ద వరద వచ్చినప్పుడు ఒక చెట్టు ఎక్కి సుమారు నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఏ చెట్టు?" అఫ్జల్‌గంజ్ దగ్గరి చింతచెట్టు. ఇక్కడ ఆగండి. ఆ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగారనీ, 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్ ఆ వరద భయంతో కట్టినవేననీ చెప్పండి. ఉస్మాన్ సాగర్ ఉన్న గండిపేటకు షికారు వెళ్లిన పిల్లలకు ఆ కట్ట ఎందుకుందో అప్పటిదాకా తెలిసి ఉండదు. పదిహేను ప్రశ్నల్లో ఇలాంటివి మూడు చాలు. అన్నిటికీ ఉపన్యాసం తగిలిస్తే మళ్లీ క్లాసు గదికే చేరుకుంటాం.

బహుమతులు

చిన్నవే. గెలిచిన జట్టుకు ఆ రాత్రి ఏం వండాలో నిర్ణయించే హక్కు ఇస్తే పెన్సిల్ బాక్సు కంటే ఎక్కువ సంతోషిస్తారు. డబ్బు వద్దు.

వచ్చే వారం

ఎవరూ చెప్పలేని ప్రశ్నలను ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచి, రెండు వారాల తరువాత అవే మళ్లీ అడగండి. అడగబోతున్నామని ముందు చెప్పవద్దు. అపార్ట్‌మెంటులో పిల్లలు ఎక్కువైతే కింద కమ్యూనిటీ హాలులో పెట్టుకోవచ్చు. ఈ నగరానికి క్విజ్ కొత్తేమీ కాదు, కె-సర్కిల్ అనే క్విజ్ క్లబ్బు ఇక్కడ 1972లోనే మొదలైంది.

నాలుగైదు వారాలయ్యాక ప్రశ్నలు తయారుచేసే పని పిల్లలకే ఇచ్చేయండి. ఒక్కొక్కరు రెండేసి ప్రశ్నలు తేవాలి, జవాబు రెండు వేరువేరు చోట్ల సరిచూసుకుని రావాలి. ఆ రోజు పెద్దవాళ్లు కూడా ఒక జట్టుగా కూర్చోవాలి, పలక పట్టుకుని.