మైకుసెట్టు పాఠాలు – 3: స్పీకరు మీద రాసిన 8 ఓములు

పోయిన పాఠంలో నిరోధం చూశాం. ఈసారి యాంప్లిఫయర్ నుంచి విప్పిన స్పీకరు ఒకటి తీసుకోండి. మల్టీమీటరును 200 ఓముల దగ్గర పెట్టి, స్పీకరు రెండు కొసలకూ ప్రోబులు ఆనించండి. వెనక 8 ఓములని రాసి ఉన్నా మీటరు ఆరుకు అటూ ఇటూగా చూపిస్తుంది. స్పీకరు చెడిపోలేదు. మీటరు పంపేది ఏకముఖ విద్యుత్తు (డీసీ) కాబట్టి దానికి తీగచుట్ట నిరోధం ఒక్కటే కనిపిస్తుంది. పాట వచ్చేది ఏకాంతర విద్యుత్తుగా (ఏసీ). దానికి చుట్ట ప్రేరకత్వం, అంటే విద్యుత్తులో మార్పును ఎదిరించే గుణం, అడ్డు వస్తుంది, అయస్కాంతం మధ్య చుట్ట ఊగడం వల్ల పుట్టే ఎదురు వోల్టేజీ కూడా అడ్డు వస్తుంది. ఇవన్నీ కలిసిన అడ్డే ఇంపీడెన్స్.

కాబట్టి అది ఒకే అంకెగా నిలవదు. కోను తనంతట తాను ఊగే స్వరం దగ్గర 30 ఓములు దాటవచ్చు, కాస్త పైకి వెళితే ఏడుకు దిగవచ్చు, సన్నని స్వరాల దగ్గర మళ్లీ పెరుగుతుంది. 8 అన్నది నామమాత్రపు విలువ, అంటే లెక్కకు వాడుకునే ఉజ్జాయింపు అంకె.

ఇక వైరు. పర్లాకిమిడిలోనైనా గుణుపురంలోనైనా చవితి పందిట్లో యాంప్లిఫయర్ ఒకచోట, బాక్సు వీధి చివర ఉంటాయి. దూరం 50 మీటర్లనుకుందాం. విద్యుత్తు వెళ్లి తిరిగి రావాలి కనుక తీగ 100 మీటర్లు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగకైతే అది దాదాపు 1.7 ఓములు. 8 ఓముల బాక్సు పెడితే మొత్తం 9.7 ఓములు, అందులో వైరు వాటా 1.7; అంటే శక్తిలో ఆరో వంతుకు పైగా వైరులోనే వేడిగా పోతుంది. అదే వైరుకు రెండు బాక్సులు సమాంతరంగా కలిపితే భారం 4 ఓములవుతుంది, నష్టం దాదాపు 30 శాతానికి చేరుతుంది! పైగా ఇంపీడెన్స్ తగ్గిన స్వరాలే ఎక్కువ నష్టపోతాయి, అందుకే దూరపు బాక్సులో గొంతు తీరే మారుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నిరోధం 0.7 ఓములకు దిగుతుంది. డబ్బు ముందు ఇక్కడ పెట్టండి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చవకే కానీ దాని నిరోధం ఎక్కువ.

స్పీకరు వైరుకూ 75 ఓములో మరొకటో ఉండాలని దుకాణంలో చెబితే వినకండి. టీవీ కేబులుకు ఆ అంకె అవసరమే, అది కోట్ల హెర్ట్‌జ్‌ల సంకేతాల సంగతి. వీధి పొడవు తీగలో శబ్దానికి లెక్కకు వచ్చేది నిరోధమే.

అభ్యాసం: మీ వైరును రెండు వైపులా విప్పండి. దూరపు కొసలు రెండూ కలిపి మెలిపెట్టి, ఇవతల కొలవండి. ముందుగా ప్రోబులు ఒకదానికొకటి ఆనించి, వచ్చిన అంకెను తీసివేయడం మరవకండి. మిగిలిన ఓములతో 8కీ, 4కీ నష్టం లెక్కకట్టి ఉంచండి. వచ్చే పాఠంలో మైకు వైపు వెళదాం.