ఎదిగే టర్కీలకు కంది చున్నీ: ఎప్పుడు, ఎంత, ఎలా

తాండూరు వైపు పప్పు మిల్లుల్లో కంది ఆడించాక ఒట్టి పొట్టు ఒకవైపు, నూకా పిండీ కాస్త పొట్టూ కలిసిన చున్నీ మరోవైపు మిగులుతాయి. టర్కీలకు పనికొచ్చేది చున్నీయే. పొట్టులో పీచు ఎక్కువ, పైగా అందులోని టానిన్లు అనే వగరు పదార్థాలు మాంసకృత్తులను అరగనివ్వవు. దాన్ని గేదెలకు వదిలేయండి.

కొనే ముందు గుప్పెడు చున్నీ చేటలో చెరగండి. సగానికి పైగా పొట్టే ఎగిరితే బేరం వద్దు. ఒక చెంచాడు గ్లాసు నీళ్లలో వేసి కలిపి చూడండి. నానబెట్టి ఆడించే మిల్లుల్లో కందికి ఎర్రమట్టి పట్టిస్తారు, అది అడుగుకు దిగుతుంది. ముక్కిన వాసన వచ్చినా, ఉండలు కట్టినా అస్సలు తీసుకోవద్దు. బూజు విషం అఫ్లాటాక్సిన్‌కు కోళ్ల కంటే టర్కీలు త్వరగా పడిపోతాయి. 1960లో ఇంగ్లండ్‌లో బూజు పట్టిన వేరుశనగ చెక్క తిని లక్షకు పైగా టర్కీ పిల్లలు చనిపోయాకే ఆ విషం బయటపడింది.

పచ్చి పప్పులో మాంసకృత్తులను అరిగించే ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థాలుంటాయి. అందుకే చున్నీని మూకుట్లో సన్నసెగన పచ్చివాసన పోయేదాకా వేయించండి. మాడిస్తే మాంసకృత్తుల్లోని లైసిన్ అనే అమైనో ఆమ్లం పాడవుతుంది.

8 వారాల్లోపు పిల్లలకు పెట్టొద్దు. వాటికి 26–28 శాతం మాంసకృత్తులు కావాలి, చున్నీతో అది కుదరదు. 8–12 వారాల మధ్య దాణాలో 5 శాతం, ఆ తర్వాత 10 శాతం చాలు.

12–16 వారాల పక్షులకు 100 కిలోల దాణా: మొక్కజొన్న 55.5, సోయా చెక్క 29, చున్నీ 10, నూనె 2, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) 2 కిలోలు. సున్నపురాయి పొడి 800 గ్రాములు, ఉప్పు 300, విటమిన్–మినరల్ ప్రీమిక్స్ 300 (ప్యాకెట్ మీది మోతాదును బట్టి), మెథియోనిన్ (ఇదీ ఒక అమైనో ఆమ్లమే) 100 గ్రాములు. మాంసకృత్తులు 19 శాతం దాటతాయి. మెథియోనిన్ మానేసి మిగుల్చుకుందామనుకోకండి. పప్పు జాతిలో ఉండే లోటే అది. మెథియోనిన్ తగ్గితే ఈకలు సరిగా రావు, బరువూ పెరగదు.

పాత దాణా తగ్గిస్తూ వారం రోజుల్లో కొత్తదానికి మార్చండి. టర్కీలు గింజలు ఏరుకుని పిండి వదిలేస్తాయి. కొద్దిగా నీళ్లు చిలకరించి, గంటలో అయిపోయేంతే వేయండి. మిగిలితే పులుస్తుంది. రెట్ట పలచబడితే చున్నీని సగానికి తగ్గించండి. వారానికోసారి అవే ఐదు పక్షులను తూచండి. బరువు పెరగడం మందగిస్తే ముందు చున్నీ సంచిలో చెయ్యి పెట్టి చూడండి, చెమ్మ ఎక్కి ఉండొచ్చు.