మసక వెలుతురులో బైనాక్యులర్ – 3వ పాఠం: వెలుగు బిళ్ల లెక్క

రెండు కళ్లకూ ఫోకస్ సరిచేసుకోవడం, చెయ్యి వణకకుండా పట్టుకోవడం అయిపోయాయి. ఇక పొద్దుగూకే వేళకు వద్దాం. గణపతిదేవుడి కాలంనాటి పాకాల చెరువు దగ్గరైనా, మీ ఊరి చెరువు కట్ట మీదైనా అసలు సందడి అప్పుడే మొదలవుతుంది. బాతులు మేతకు లేస్తాయి, గుడ్లగూబలు తొర్రల్లోంచి బయటికొస్తాయి. సరిగ్గా అప్పుడే చాలామంది ‘ఇంకేం కనపడదు’ అని బైనాక్యులర్ సంచిలో పెట్టేస్తారు. నాకు బాధనిపించేది అదే. సరైన పరికరం, అలవాటు పడ్డ కన్ను ఉంటే ఇంకో పావుగంట చక్కగా చూడొచ్చు.

మీ బైనాక్యులర్ మీద 8×42 అనో 10×25 అనో ఉంటుంది. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. రెండో దాన్ని మొదటి దాంతో భాగించండి. 8×42కి 5.25, 10×25కి 2.5 వస్తుంది. కన్ను పెట్టే వైపు నుంచి బయటికొచ్చే వెలుగు బిళ్ల వ్యాసం అదే. దాన్ని కళ్లారా చూడొచ్చు: పగటిపూట, సూర్యుడు లేని దిక్కున ఆకాశం వైపు తిప్పి, చెయ్యి చాచి పట్టుకోండి. కన్ను పెట్టే అద్దంలో తెల్లటి చిన్న బిళ్ల కనిపిస్తుంది. అది నిండు గుండ్రంగా ఉండాలి. అంచులు కోసేసినట్టు, బూడిదరంగు నీడ కమ్మినట్టు ఉంటే లోపలి పట్టకాల దగ్గర కొంత వెలుగు పోతోందన్నమాట.

పట్టపగలు మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు మించి తెరుచుకోదు. కాబట్టి 10×25తో ఏ లోటూ తెలియదు. చీకటి పడేకొద్దీ పాప విచ్చుకుంటుంది. కుర్రవాళ్లకు ఏడు మిల్లీమీటర్ల దాకా పోవచ్చు, పెద్దవాళ్లలో చాలామందికి ఐదు దగ్గరే ఆగుతుంది. వచ్చే బిళ్ల రెండున్నరే అయితే బొమ్మ మసకబారక తప్పదు. పైగా వెలుగు వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే పాప బాగా విచ్చుకున్నాక 8×42లో బొమ్మ, 10×25లో కన్నా నాలుగు రెట్లకు పైగా వెలుగుతో కనిపిస్తుంది. అలాగని అరవై దాటిన నాన్నగారికి 7×50 కొనివ్వకండి. ఏడు మిల్లీమీటర్ల బిళ్లలో ఆయన కంట్లోకి పోని వెలుగంతా వృథా, మెడకు బరువు తప్ప లాభం లేదు.

జూమ్ ఉన్నవాటిని సాయంత్రం తక్కువ మీద పెట్టండి. రైఫిల్ స్కోప్‌కూ ఇదే లెక్క: 3-9×40 స్కోప్ తొమ్మిది మీద 4.4 మిల్లీమీటర్ల బిళ్ల ఇస్తే, ఆరు మీద 6.7 ఇస్తుంది. వేటకు అనుమతి ఉన్న దేశాల్లో సంజెవేళ జూమ్ తగ్గించేది ఇందుకే.

ఇక కన్ను. చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి దానికి అరగంట దాకా పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ తెర చూస్తే చాలు, అప్పటిదాకా ఓపిక పట్టిందంతా నీళ్లపాలు. రాసుకోవాల్సి వస్తే టార్చికి ఎర్ర కాగితం చుట్టి, సన్నటి వెలుగులో రాసుకోండి. పక్షి మీదే చూపు గుచ్చకుండా కాస్త పక్కకు చూడండి. మసకలో పనిచేసే కణాలు కంటి నడిమధ్యలో ఉండవు, చుట్టూ ఉంటాయి. రంగులు ఎలాగూ అందవు కాబట్టి ఆకారం, రెక్కల ఊపు పట్టుకోండి. ఆకాశం మెరుపు ఇంకా మిగిలిన నీళ్లు పక్షి వెనకాల పడేలా కూర్చుంటే సగం పని అయినట్టే.

ఈ వారం సాధన: పొద్దుగూకాక ఒకే తుమ్మకొమ్మను ఐదేసి నిమిషాలకోసారి చూస్తూ, ముల్లు ఎప్పటిదాకా విడిగా కనిపించిందో గడియారం చూసి రాసుకోండి. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు, అక్కడికైతే అటవీశాఖ సమయాలు అడిగే వెళ్లండి. అద్దాల మీద పూతల సంగతి వచ్చే పాఠంలో.